ఒళ్ళు చూసి, చేవ చూసి

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెకు వచ్చి, థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళు ఉన్నారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో సంగీతంలో పట్టా తీసుకున్న విదుషీమణి. ఠాగూరు నోట జనగణమన విని, ఆ బాణీని పడమటి పద్ధతిలో స్వరాలుగా కాగితం మీద పెట్టింది ఆవిడే. నూరేళ్ళ కిందటే మన గాలిలో ఆ సంగీతమూ ఈ సంగీతమూ ఇలా ఒకచోట కూర్చున్నాయి.

ఇప్పుడు సాయంత్రంపూట మదనపల్లె బస్టాండులో చూడండి, పుంగనూరు వీధుల్లో చూడండి, కుప్పం రైల్వే స్టేషనులో చూడండి. నల్ల సంచి వీపుకు తగిలించుకున్న పిల్లలు కనబడతారు. ఆ సంచిలో గిటార్. నాకది చూస్తే సంతోషం. ఆ సంతోషం వెంటే ఒక దిగులు కూడా పుడుతుంది. కొన్న ఆరు నెలలకే ఆ సంచి బీరువా మీదికి ఎక్కడం చాలా ఇళ్ళలో చూశాను. పిల్లవాడికి పట్టుదల లేదని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. చాలాసార్లు తప్పు పిల్లవాడిది కాదు, ఎంపికది. అందుకే ఈరోజు కరెంటుతో పనిలేని చెక్క గిటార్, అంటే అకూస్టిక్ గిటార్‌ను ఎలా ఎంచుకోవాలో చెబుతాను. ముందు ఒళ్ళు చూడాలి, తరవాత చెక్క చూడాలి, ఆపైన మన ఊరి గాలి చూడాలి. ఈ వరస తప్పితే డబ్బు పోసినా నాదం దక్కదు.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా అన్న కూతురికి పన్నెండేళ్ళు. గిటార్ కావాలని ఏడాదిపాటు అడిగింది. బెంగళూరులో ఒక అంగడికి తీసుకెళ్ళాం. అక్కడ గోడంతా ఒకే సైజు గిటార్లు వేలాడుతున్నాయి. "అందరూ ఇదే తీసుకుంటారు" అన్నారు. తీసుకున్నాం. నెల తిరక్కముందే ఆ పిల్ల వచ్చి, "చిన్నాయనా, భుజం నొస్తాంది" అంది. కూర్చోబెట్టి వాయించమన్నాను. కుడి చెయ్యి గిటార్ మీదుగా దాటి తీగల దగ్గరికి రావాలంటే భుజం చెవి దాకా లేస్తోంది. గడ్డం గిటార్ అంచుకు ఆనుతోంది. తీగలు చూద్దామని మెడ వంచితే ఒళ్ళంతా గూనిగా వంగిపోతోంది. ఏ బిడ్డ రోజూ గంటసేపు అలా కూర్చోగలుగుతుంది?

అంగడిలో మాకిచ్చిన ఆ సైజు పేరు డ్రెడ్‌నాట్. దాని కథ తెలిస్తే మన పిల్లల చేతికి అదెలా వచ్చిందో అర్థమవుతుంది. 1906లో బ్రిటిష్ నౌకాదళం డ్రెడ్‌నాట్ అనే పెద్ద యుద్ధనౌకను నీళ్ళలోకి దించింది. ఆ రోజుల్లో పెద్దదేదైనా దానితోనే పోల్చేవారు. అమెరికాలో 1833 నుంచి గిటార్లు చేస్తున్న మార్టిన్ కంపెనీ, 1916లో డిట్సన్ అనే వ్యాపారుల కోసం ఒక పెద్ద గిటార్ చేసింది. దానికి ఆ నౌక పేరే పెట్టారు. 1931లో మార్టిన్ తన సొంత పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. పదిమంది వాద్యాల మధ్య వినబడాలి, పాడే గొంతుకు అండగా మంద్ర స్వరం మోగాలి అని పుట్టిన సైజు అది. ఆ పనికి అది గొప్పది. సన్నటి భుజాల పిల్లకు అది తగదు.

గిటార్ సైజుల లెక్క తేలికే. మామూలు సైజుల్లో చిన్నది పార్లర్ గిటార్. ఆపైన సున్నాల వరస. ఒక సున్నా, రెండు సున్నాలు, మూడు సున్నాలు. సున్నాలు పెరిగేకొద్దీ ఒళ్ళు పెరుగుతుంది. నడుము కింద వెడల్పు భాగం కొలిస్తే ఒక సున్నాది 13 అంగుళాల చిల్లర, రెండు సున్నాలది 14 అంగుళాల చిల్లర, మూడు సున్నాలది 15 అంగుళాలు. డ్రెడ్‌నాట్ 15న్నర దాటుతుంది, లోతు దాదాపు 5 అంగుళాలు. ఆ మీద జంబో, 17 అంగుళాలు. మూడు సున్నాల గిటార్‌కూ డ్రెడ్‌నాట్‌కూ వెడల్పులో తేడా అరంగుళం చిల్లరే. కానీ మూడు సున్నాల గిటార్ నడుము సన్నం, లోతు కూడా తక్కువ. ఆ నడుము తొడ మీద చక్కగా కుదురుకుంటుంది. చెయ్యి అలవోకగా వాలుతుంది.

ఒళ్ళు మారితే నాదం ఎందుకు మారుతుంది? కుళాయి కింద బిందె పెట్టినప్పుడు చెవి పెట్టి వినండి. ఖాళీగా ఉన్నప్పుడు బొంగురుగా మోగుతుంది, నిండేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. బిందెలో గాలికి చోటు తగ్గేకొద్దీ శ్రుతి పైకి పోతుంది. వీణకు కుండ ఎలాగో గిటార్‌కు ఒళ్ళు అలాగ. తీగ ఒక్కటే అయితే దాని శబ్దం దోమ పాటంత. దాన్ని చెక్క అందుకుని, లోపలి గాలి అందుకుని బయటికి పంపుతాయి. డ్రెడ్‌నాట్ లోపలి గాలి సెకనుకు సుమారు నూరు సార్లు ఊగుతుంది. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు 82 సార్లు, దాని పక్క తీగ 110 సార్లు కంపిస్తాయి. పెద్ద ఒళ్ళు ఈ లావు తీగలకు బలమిస్తుంది. చిన్న ఒళ్ళలో ఆ గంభీరం తగ్గుతుంది, కానీ ప్రతి తీగా విడివిడిగా, తేటగా వినబడుతుంది.

చిన్నదంటే తక్కువదని అనుకోకండి. మన పుంగనూరు ఆవును చూడండి. మనిషి నడుమెత్తు కూడా ఉండదు. తక్కువ మేత తింటుంది, ఎండకు తట్టుకుంటుంది, చిక్కటి పాలిస్తుంది. దేశమంతా దానికోసం వెతుక్కుంటూ వస్తున్నారు. అది మన కొంపలకు, మన మేతకు, మన నీళ్ళకు కుదిరిన ఆవు. రెండు సున్నాల గిటార్ కూడా అలాంటిదే. ఇంట్లో గదిలో కూర్చుని వేళ్ళతో మీటుకునేవారికి, పొట్టి చేతులవారికి, పిల్లలకు అది కుదిరినట్టు డ్రెడ్‌నాట్ కుదరదు. గుంపులో నిలబడి, ప్లెక్ట్రమ్ అనే చిన్న బిళ్ళతో గట్టిగా వాయిస్తూ పాడేవారికి డ్రెడ్‌నాట్ కావాలి. ఏదో ఒకటే కొని, అన్నీ వాయించుకోవాలనుకునే పెద్దవారికి మూడు సున్నాల సైజు మధ్యేమార్గం.

ఇక చెక్క సంగతి. దీని గురించి మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మృదంగానికి పనస, వీణకు పనస. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. కొండపల్లి బొమ్మకు తేలికైన పొణికి కావాలి, ఏటికొప్పాక లక్క బొమ్మకు అంకుడు కావాలి. నాదస్వరానికి గట్టి చెక్క, అందులోనూ ఏళ్ళ తరబడి ఆరిన చెక్క వెతుకుతారు. ఏ పనికి ఏ మాను అనే తెలివిడి మన చేతుల్లో తరతరాలుగా ఉంది. గిటార్ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిడిని పక్కన పెట్టి, రంగు చూసీ మెరుపు చూసీ కొంటున్నాం.

గిటార్‌లో మొదట చూడవలసింది పైపలక, తీగల కింద ఉండే ముందుభాగం. దాని మందం మూడు మిల్లీమీటర్ల లోపు. ఆరు ఉక్కు తీగలు కలిసి దాన్ని డెబ్బై కిలోల పైన బలంతో లాగుతుంటాయి. ఒక నిండు మనిషి బరువు అది. అంత పలుచని పలక అంత బరువును మోయాలి, మోస్తూనే పావురం రెక్కలా అదరాలి. అందుకు తేలికగానూ గట్టిగానూ ఉండే చెక్క కావాలి. అలాంటిది స్ప్రూస్. మంచు దేశాల చెట్టు. చలికి నెమ్మదిగా పెరగడం వల్ల దాని గీతలు సన్నగా, దగ్గరదగ్గరగా, దువ్వెన పళ్ళలా నిటారుగా ఉంటాయి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్ప్రూస్ నార వెంబడి 5,000 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. గట్టిగా వాయించినా స్ప్రూస్ తట్టుకుంటుంది, గొంతు పగలదు. రెండోది సీడర్. స్ప్రూస్ కన్నా మెత్తన, రంగు కాస్త ఎరుపు. మెల్లగా మీటినా వెంటనే పలుకుతుంది. వేళ్ళతో నెమ్మదిగా వాయించేవారికి మంచి తోడు. గట్టిగా కొడితే మాత్రం నాదం ముద్దయిపోతుంది.

పైపలకే ప్రాణం అని ఎలా చెప్పగలం? స్పెయిన్‌లో ఆంటోనియో టోరెస్ అనే మహాశిల్పి ఉండేవాడు. ఇవాళ్టి క్లాసికల్ గిటార్‌కు రూపు దిద్దింది ఆయనే. 1862లో ఆయన ఒక గిటార్ చేశాడు. పైపలక మంచి స్ప్రూస్, వెనకపలకా పక్కలూ వట్టి అట్ట. పైపలక బాగుంటే గిటార్ పలుకుతుందని చేసి చూపించాడు. మన కాలంలో, 2018లో, ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో పరీక్ష పెట్టారు. ఆరు గిటార్లు అన్నీ ఒకేలా చేయించారు, వెనకపలకా పక్కల చెక్కలు మాత్రం వేరువేరు. ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉంది, మన దేశపు రోజ్‌వుడ్ ఉంది, చవకగా దొరికే చెక్కలూ ఉన్నాయి. యాభైమందికి పైగా గిటార్ వాద్యకారులకు చీకటి గదిలో, నల్ల కళ్ళద్దాలు పెట్టి ఇచ్చారు. కంటికి కనబడనప్పుడు ఖరీదైన చెక్కను ఎవరూ నమ్మకంగా వేరుచేయలేకపోయారు. అన్నిటికీ దాదాపు ఒకే మార్కులు పడ్డాయి. కాబట్టి మీ దగ్గర డబ్బు కొంచెమే ఉంటే దాన్ని పైపలక మీద పెట్టండి.

ఇంత చెప్పినా, వెనకపలక గురించి ఒక మాట నేను గర్వంగా చెప్పుకోవాలి. ప్రపంచంలోని పేరున్న గిటార్లలో ఎన్నిటికో వెనకపలక మన దక్షిణాది చెట్టుదే. ఇంగ్లీషువాళ్ళు ఇండియన్ రోజ్‌వుడ్ అంటారు. మన పెద్దలు ఇరుగుడు అంటారు. నల్లగా నిగనిగలాడే మనిషిని ఇరుగుడు చేవలా ఉన్నాడని తెలుగులో పోలుస్తాం కదా, ఆ ఇరుగుడు. ఒకప్పుడు గిటార్ కంపెనీలకు బ్రెజిల్ రోజ్‌వుడ్ తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. 1960ల చివర్లో బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేసింది. 1969లో మార్టిన్ కంపెనీ మన ఇరుగుడుకు మారింది. ఆ దారిన మిగతావారూ వచ్చారు. కర్ణాటక, కేరళ, తమిళనాడు కొండల్లో కాఫీ తోటలకు నీడగా పెరిగిన మానులు అమెరికాలో, జపానులో నాదాలయ్యాయి.

నేను ఆ పిల్ల గిటార్‌ను ఒకసారి పుంగనూరులో మాకు తెలిసిన వడ్రంగి పెద్దాచారికి చూపించాను. వెనకపలక ముదురు గోధుమ రంగులో, నల్లటి చారలతో ఉంది. ఆయన దాన్ని ఒళ్ళో బోర్లించుకుని, అంచు దగ్గర గోరుతో గీరి చూశాడు. వేలి కణుపుతో రెండుసార్లు తట్టి చెవి ఒగ్గాడు. "పైన అతికించిన రేకు మటుకే ఇరుగుడు నాయనా, లోపలంతా ప్లై" అన్నాడు. తరవాత నడిమి రంధ్రం దగ్గర పైపలక అంచును కిటికీ వెలుతురుకు తిప్పి చూపించాడు. నిజమైన ఒకటే పలక అయితే పైనున్న గీతలు అంచు మందంలోకి కూడా దిగి కనబడతాయి. ప్లైవుడ్ అయితే పొరలు పొరలుగా, రొట్టె మీద రొట్టె పేర్చినట్టు ఉంటుంది. మాది పొరలదే. ఏడాది పాటు అంగడి మాట నమ్మిన మాకు, ఆ పెద్దాయన వేలి కణుపు ఒక నిమిషంలో నిజం చెప్పింది. మీరు అంగడికి వెళితే ఆ రంధ్రం అంచును వెలుతురులో చూడండి. ఒకటే పలకను అంగళ్ళలో సాలిడ్ టాప్ అంటారు. అదే కావాలని అడగండి.

అయితే ఇక్కడే మన ఊరి గాలిని లెక్కలోకి తీసుకోవాలి. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి పెట్టి నూరేళ్ళు దాటింది. ఎక్కడెక్కడి రోగులో ఇక్కడికి వచ్చారు. మన పొడిగాలి ఊపిరితిత్తులకు మేలని ఆనాటి వైద్యుల నమ్మకం. ఆ పొడిగాలి ఒకటే పలకగా ఉన్న గిటార్‌కు మాత్రం మేలు చెయ్యదు. చెక్క గాలిలోని తేమను పీలుస్తుంది, వదులుతుంది. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నాల్లో గాలి ఎండిపోతే పలక కుంచించుకుపోతుంది. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల, అంటే ఫ్రెట్ల అంచులు వేలికి గుచ్చుకుంటాయి. ఇంకా ఎండితే, రాత్రి నిద్రలో ఉండగా టప్‌మని ఒక చప్పుడు వినిపిస్తుంది. పైపలక పగిలిన చప్పుడు అది.

గిటార్‌కు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే చాలు. ఈ లెక్క మన ప్రాంతంలో ఎవరికీ కొత్తగా ఉండకూడదు. కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె చుట్టూ పట్టుపురుగులు పెంచే రైతులున్నారు. చాకీ అనే లేత పురుగుకు 80 శాతం పైన తేమ కావాలి, ముదురు పురుగుకు కాస్త తక్కువ చాలు. షెడ్డు గోడకు తడి పొడి థర్మామీటర్ వేలాడదీసి, కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి, నేల మీద నీళ్ళు చిలకరించి, పొద్దుకు నాలుగుసార్లు చూసుకుంటారు. పురుగు కోసం అంత శ్రద్ధ పెట్టే ఇంట్లో గిటార్‌ను కాపాడుకోవడం ఒక లెక్కా? ఒక పాత సబ్బు పెట్టె తీసుకుని చుట్టూ చిల్లులు పెట్టండి. అందులో స్పాంజి ముక్కను తడిపి, గట్టిగా పిండి పెట్టండి. నీటి బొట్టు కారకూడదు. ఆ పెట్టెను గిటార్ కేసులో మెడ దగ్గర ఉంచి మూత వేయండి. ఎండాకాలంలో మూడు రోజులకోసారి తడపండి. పల్చటి గుడ్డ సంచి దీనికి పనికిరాదు, గట్టి కేసు కావాలి. ఇంత ఓపిక లేదంటే ప్లై గిటార్ కొనుక్కోండి, తప్పులేదు. దాని నాదం కొంచెం ముడుచుకున్నట్టే ఉంటుంది, కానీ ఎండకూ వానకూ చెక్కుచెదరదు. మొదటి గిటార్‌గా, బడికి మోసుకెళ్ళే గిటార్‌గా అదే మేలు.

పట్టు మాట వచ్చింది కాబట్టి తీగల గురించీ చెబుతాను. ఉక్కు తీగలు లేత వేళ్ళను కోస్తాయి. మొదటి వారాల్లో వేలి కొసలు మండి, చాలామంది పిల్లలు అక్కడే ఆపేస్తారు. క్లాసికల్ గిటార్‌కు నైలాన్ తీగలు ఉంటాయి. అవి మెత్తన, లాగే బలం కూడా చాలా తక్కువ. నైలాన్ రాకముందు ఆ గిటార్‌కు సన్న తీగలు జంతువుల పేగుతో, లావు తీగలు పట్టుదారం మీద లోహపు తీగ చుట్టి చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో పేగు దొరక్కపోతే న్యూయార్కులో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్‌తో తీగలు చేశాడు. స్పెయిన్ మహావాద్యకారుడు సెగోవియా వాటిని మెచ్చి వాయించాడు. ఇప్పటికీ ఉక్కు గిటార్‌కు వేసుకునే సిల్క్ అండ్ స్టీల్ అనే తీగల రకం ఉంది. లోపలి ఉక్కు చుట్టూ పట్టు లాంటి దారం ఉండటంతో వేలికి సుఖంగా, చిన్న ఒళ్ళు గిటార్ మీద తియ్యగా పలుకుతాయి. నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద పట్టు చీరలు నేసే ఊరివాళ్ళం, ఈ తీగలను ఒకసారి మన చేత్తో వాయించి చూడాలి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. నైలాన్ గిటార్‌కు ఉక్కు తీగలు ఎక్కించకండి. ఆ బలానికి, తీగలను పైపలకకు పట్టి ఉంచే బ్రిడ్జి ఊడి వస్తుంది.

అంగడికి వెళ్ళేటప్పుడు మూడు ఏటీఎం కార్డులు జేబులో వేసుకోండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర, లావు తీగ కింద, మూడూ కలిపి దూర్చి చూడండి. తీగకు అలా తాకీ తాకనట్టు పడితే ఎత్తు సరిగా ఉంది. మూడు కార్డుల పైన ఇంకా బోలెడు ఖాళీ ఉంటే, ఆ తీగలను అదమాలంటే పిల్లల వేళ్ళు నొస్తాయి. దాన్ని సరిచేసి ఇవ్వమనండి, లేదా ఇంకోటి చూడండి. పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి గిటార్ ఒళ్ళో పెట్టి, పది నిమిషాలు ఊరికే పట్టుకోమనండి. భుజం పైకి లేస్తే ఆ సైజు వద్దు. తరవాత అంగడిలో ఎవరినైనా వాయించమని, మీరు ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడి, కళ్ళు మూసుకుని వినండి. రెండు మూడు గిటార్లను ఒకే చేత, ఒకే పాటతో. పేరూ ధరా తరవాత అడగండి.

మా అన్న కూతురికి చివరికి రెండు సున్నాల గిటార్ తెచ్చాం. స్ప్రూస్ సాలిడ్ టాప్, వెనకపలక చవకదే. ఈసారి పుంగనూరులో దిగగానే దాన్ని తీసుకుని పెద్దాచారి దగ్గరికి వెళ్ళాం. ఆయన రంధ్రం అంచును వెలుతురుకు తిప్పి చూశాడు. తట్టాడు. ఏమీ అనకుండా పిల్ల చేతికి ఇచ్చి, "వాయించమ్మా" అన్నాడు. ఆ పిల్ల అరుగు మీద కూర్చుంది. భుజం కిందికే ఉంది. ఉలి పక్కన పెట్టి ఆయన విన్నాడు.

మీ ఇంట్లో బీరువా మీద ఒక నల్ల సంచి ఉంటే, ఈ ఆదివారం కిందికి దించండి. అది మీ బిడ్డ ఒంటికి సరిపోయే సైజేనా, ఎండకు ఎండిందా, తీగల ఎత్తు ఎంతుందో చూడండి. ఆ తరవాతే బిడ్డ పట్టుదల గురించి మాట్లాడుకుందాం.